గాయని ఫౌండేషన్ పెట్టాలంటే: సెక్షన్ 8 రిజిస్ట్రేషన్ ప్యాకేజీలు ఎంతవరకు పనికొస్తాయి?

కచేరీలు పాడే గాయని బడి పిల్లలకు ఉచితంగా పాఠం మొదలుపెడుతుంది. మొదటి ఏడాది సొంత డబ్బుతోనే గడిచిపోతుంది. రెండో ఏడు రసికులెవరో లక్ష రూపాయలు ఇస్తామని ముందుకొచ్చి, "రసీదు ఇస్తారా? 80జీ ఉందా?" అని అడుగుతారు. 80జీ అంటే దాతకు పన్ను మినహాయింపు దొరికేలా సంస్థకు వచ్చే అనుమతి. అక్కడి నుంచి ఆన్‌లైన్‌లో వెతుకులాట. "పేరు నుంచి పాన్ దాకా అన్నీ ఒకే ధరలో" అంటూ సెక్షన్ 8 కంపెనీ (కంపెనీల చట్టం కింద లాభాపేక్ష లేకుండా పెట్టే సంస్థ) ప్యాకేజీలు వరసగా కనిపిస్తాయి. ఈ సమీక్ష ఆ ప్యాకేజీల గురించి, వాటి వెనక నడిచే ప్రభుత్వ పోర్టల్ గురించి. పోర్టల్ తన పని తాను చేస్తుంది. ప్యాకేజీల్లో సర్టిఫికెట్ తెచ్చిపెట్టే భాగం ఫర్వాలేదు. మెమోరాండం, అంటే సంస్థ ఆశయాలు చెప్పే పత్రం, రాసే భాగం మాత్రం చాలావరకు నాసిరకం. ఇబ్బందేమిటంటే, సంగీత సంస్థ నాలుగేళ్లు నిలబడుతుందా లేదా అన్నది తేలేది అక్కడే.

ప్యాకేజీలో మామూలుగా ఉండేవి ఇవి: ఇద్దరు డైరెక్టర్లకు క్లాస్ 3 డిజిటల్ సంతకాలు, డిన్ (డైరెక్టరు గుర్తింపు) నంబర్లు, పేరు ఖరారు, మెమోరాండం, ఆర్టికల్స్ (సంస్థ లోపలి నియమాలు), కంపెనీ సర్టిఫికెట్. కాస్త ఎక్కువ పెడితే 12ఏ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు ఇచ్చే రిజిస్ట్రేషన్), 80జీ దరఖాస్తులు, స్వచ్ఛంద సంస్థల ప్రభుత్వ జాబితా అయిన దర్పణ్‌లో నంబరు, కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) నిధుల కోసం చేసే సీఎస్ఆర్-1 నమోదు కూడా. "పాన్, టాన్ (పన్ను కోత ఖాతా నంబరు) ఉచితం" అని పెద్ద అక్షరాలతో వేస్తారు గానీ అది ఏజెంటు దయేమీ కాదు. సర్టిఫికెట్‌తో పాటు అందరికీ వచ్చేవే.

పేరు దగ్గర మొదలుపెడదాం. కంపెనీ నమోదుకు వేసే స్పైస్ ప్లస్ ఫారంలో మొదటి భాగం పేరు కోసమే. రెండు పేర్లు ఇవ్వొచ్చు, రుసుము ₹1,000, ఖరారైన పేరు 20 రోజులు మీకోసం ఉంటుంది. లోపాలుంటే సరిచేసి పంపడానికి 15 రోజుల గడువు ఇస్తారు. తిరస్కరిస్తే మాత్రం ఆ వెయ్యి వెనక్కి రాదు. పేరులో ఫౌండేషన్, అసోసియేషన్, ఫోరం, కౌన్సిల్ లాంటి మాట ఒకటి ఉండాలి. "ప్రైవేట్ లిమిటెడ్" తగిలించనక్కర్లేదు. సంగీతంవాళ్ల దరఖాస్తులు ఇక్కడ దెబ్బతినడానికి కారణం ఊహించగలిగేదే: నాదం, స్వరం, శ్రుతి, రాగం అనే నాలుగు మాటల చుట్టూ దేశంలో సంస్థలన్నీ తిరుగుతుంటాయి. పోలిక ఉన్న కంపెనీ పేరో ట్రేడ్‌మార్కో దొరికితే చాలు, పక్కన పెట్టేస్తారు. "నేషనల్" అని ముందు తగిలిస్తే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. రెండు మాటలు కలిపిన సమాసం ఎంచుకుని, దరఖాస్తుకు ముందే కంపెనీల జాబితాలోనూ ట్రేడ్‌మార్కుల్లోనూ వెతికి చూసుకోవడం మేలు. మంచి ఏజెంటు ఈ పని అడగకుండానే చేస్తాడు. మామూలు ఏజెంటు వెయ్యి రూపాయలు మీవే కదా అని నేరుగా వేసేస్తాడు.

రెండో భాగంలో చిరునామా కాగితాల దగ్గర ఆగిపోయేవే ఎక్కువ. కరెంటు బిల్లు రెండు నెలలు దాటి ఉండకూడదు. ఇంటి యజమాని నిరభ్యంతర పత్రం ఇవ్వాలి. బిల్లు ఇప్పటికీ కాలం చేసిన మామగారి పేరునే వస్తుంటే, సంతకం అత్తగారు పెడితే ఫారం వెనక్కి వస్తుంది. దాంతోపాటు ఐఎన్‌సీ-13 నమూనాలో మెమోరాండం, ప్రాక్టీసులో ఉన్న సీఏ, సీఎస్ (కంపెనీ సెక్రటరీ), కాస్ట్ అకౌంటెంట్ లేదా న్యాయవాది ఇచ్చే ఐఎన్‌సీ-14 ధ్రువీకరణ, సభ్యులు ఒక్కొక్కరూ ఇచ్చే ఐఎన్‌సీ-15 ధ్రువీకరణ, వచ్చే మూడేళ్ల ఆదాయ వ్యయాల అంచనా ఉండాలి. మూలధనం ఇంత ఉండాలన్న నియమం లేదు. ప్రైవేటు కంపెనీగా పెడితే ఇద్దరు సభ్యులు, ఇద్దరు డైరెక్టర్లు చాలు. డైరెక్టర్లలో కనీసం ఒకరు ఏడాదిలో 182 రోజులు దేశంలో ఉండేవారై ఉండాలి. విదేశీ కచేరీ పర్యటనల మీదే ఎక్కువ కాలం గడిపే గాయని, అమెరికాలో ఉన్న చెల్లెలు కలిసి డైరెక్టర్లయితే ఈ లెక్క ముందే వేసుకోవాలి.

ఇక మెమోరాండం. ప్యాకేజీల్లో వచ్చే ఆశయాల జాబితా సుమారుగా ఇలా ఉంటుంది: సంగీతం, నృత్యం, యోగా, పర్యావరణం, గోసంరక్షణ, వృద్ధాశ్రమం, మహిళా సాధికారత, భక్తి ప్రచారం, నైపుణ్య శిక్షణ. ఎందుకైనా మంచిదని అన్నీ వేస్తారు. కంపెనీల చట్టం సెక్షన్ 8 ఒప్పుకునే ఆశయాల్లో కళ, విద్య, సంక్షేమం, మతం, దాతృత్వం అన్నీ ఉన్నాయి కాబట్టి కంపెనీ సర్టిఫికెట్ వచ్చేస్తుంది. దెబ్బ తగిలేది తర్వాత, ఆదాయపు పన్ను దగ్గర. కంపెనీల శాఖ చూసే కళ్లు వేరు, పన్ను శాఖ చూసే కళ్లు వేరు.

ముందు "భక్తి" అన్న మాట సంగతి. కర్ణాటక సంగీతంలో భక్తి లేని కృతిని వెతికి పట్టుకోవాలి, అది నిజమే. కానీ 80జీ విషయానికొస్తే, ఒక మతానికో కులానికో ఉద్దేశించిన సంస్థకు అది దొరకదు. ఏడాది మొత్తం ఆదాయంలో మతపరమైన ఖర్చు 5 శాతం దాటకూడదు. ఆదాయం ₹10 లక్షలైతే పరిమితి ₹50,000. ఆరాధనోత్సవం చేస్తే పూజారి సంభావన, పూలు, ప్రసాదం ఒక పద్దులో, కళాకారుల పారితోషికం, మైకుసెట్టు, హాలు అద్దె ఇంకో పద్దులో రాయాలి. అన్నీ కలిపి "ఉత్సవ ఖర్చులు" అని ఒకే వోచరు రాస్తే, నిజంగా పూజకు పెట్టింది ఎనిమిది వేలే అయినా, అది చూపించడానికి చేతిలో కాగితం ఉండదు. మెమోరాండంలో "భక్తి ప్రచారం" అనే కన్నా "వాగ్గేయకారుల రచనల బోధన, పరిరక్షణ" అంటే పని అదే, తగాదా ఉండదు.

రెండోది ఇంతకన్నా పెద్దది, ప్యాకేజీ అమ్మేవాళ్లలో చాలామంది ఊసెత్తనిది. సంగీత పాఠశాలను పన్ను చట్టం "విద్య"గా చూస్తుందని అందరూ అనుకుంటారు. సుప్రీంకోర్టు 1975లోనూ, మళ్లీ 2022 అక్టోబరులోనూ విద్య అంటే క్రమబద్ధమైన బడి చదువు అనే అర్థంలోనే తీసుకుంది. అందుకని సంగీత శిక్షణ "ప్రజోపయోగకరమైన ఇతర ఆశయం" కిందికి జారిపోయే అవకాశం ఎక్కువ. ఆ కోవలో పడితే ఫీజులు, టిక్కెట్ల లాంటి వ్యాపార తరహా వసూళ్లు ఆ ఏటి మొత్తం రాబడిలో 20 శాతం దాటకూడదు. మొత్తం రాబడి ₹12 లక్షలనుకుంటే గీత ₹2.4 లక్షల దగ్గర. ఫీజులు ₹1.8 లక్షలు, ఒక కచేరీ టిక్కెట్లు ₹1.2 లక్షలు వస్తే ₹3 లక్షలు, అంటే 25 శాతం. ఆ ఏడాదికి మినహాయింపు పోయినట్టే. కచేరీ బాగా ఆడినందుకే ఇది జరుగుతుంది, అదీ విడ్డూరం. 2022 తీర్పుల్లోనే ఒక వెసులుబాటు కూడా ఉంది: ఖర్చుకు సరిపడా, లేదా దానిమీద నామమాత్రంగా వసూలు చేస్తే దాన్ని వ్యాపారంగా చూడనక్కర్లేదు. కాబట్టి బ్యాచీకి ఇంత అద్దె, గురువుకు ఇంత, మృదంగానికి ఇంత, మంది ఇంతమంది, తలకు ఫీజు ఇంత అని ఏడాది మొదట్లోనే ఒక కాగితం మీద లెక్క వేసి, బోర్డు సమావేశంలో ఆమోదించి దాచుకోవాలి. ఈ ఒక్క కాగితం తర్వాత చాలా తలనొప్పి తప్పిస్తుంది.

సేవ సంగీతం కాకుండా వేరేదైతే చిక్కు తగ్గుతుంది. కర్ణాటక గాయని సుధా రఘునాథన్ 1999లో మొదలుపెట్టిన సముదాయ ఫౌండేషన్ పిల్లల గుండె చికిత్సలకు సాయపడింది. పాట నిధులు తెస్తుంది, ఆశయం మాత్రం వైద్య సాయం. వైద్యం, పేదలకు సాయం అనేవి చట్టంలో విడిగా ఉన్నాయి కాబట్టి 20 శాతం గీత వాటికి లేదు. అందుకే ఆశయాల్లో "ఫీజు కట్టలేని విద్యార్థులకు ఉపకార వేతనాలు, వాద్యాలు" అని, "వృద్ధ కళాకారుల వైద్య ఖర్చులకు సాయం" అని విడివిడి వాక్యాలుగా ఉండాలి. "కుల, మత, లింగ భేదం లేకుండా అందరికీ" అన్న మాట ప్రతిదానికీ వర్తించేలా మొదట్లోనే పెట్టాలి. నాలుగే నాలుగు వాక్యాలు చాలు. గోసంరక్షణ అక్కర్లేదు.

రాతలో షరతు పెట్టడం ఎంత ముఖ్యమో తెలిసిన గాయని బెంగళూరు నాగరత్నమ్మ. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధిని సొంత సొమ్ముతో బాగుచేయించి 1920ల్లో ప్రతిష్ఠ జరిపించింది ఆమె. అక్కడ ఆడవాళ్లను పాడనివ్వని రోజులవి. ఆమె ఆడవాళ్లతో విడిగా ఆరాధన నడిపింది, ఆపైన తన ఆస్తిని ట్రస్టుకు రాసినప్పుడు ఆరాధనలో ఆడవాళ్లకు చోటుండాలని షరతు పెట్టింది. రెడీమేడ్ నమూనాలో అలాంటి వాక్యం ఎవరూ రాసివ్వరు.

వ్యవస్థాపకురాలికి జీతం వస్తుందా అన్నది ప్రతివాళ్లూ అడిగేదే. "సెక్షన్ 8లో డైరెక్టరు ఒక్క రూపాయి తీసుకోకూడదు" అని కొందరు ఏజెంట్లు, "ఎంతైనా తీసుకోండి" అని ఇంకొందరు చెబుతారు. రెండూ తప్పే. ఐఎన్‌సీ-13 నమూనాలోనే ఉంది: సభ్యులకు సభ్యత్వం పేరుతో ప్రతిఫలం లేదు, లాభం పంచడం అసలే లేదు. నిజంగా చేసిన పనికి, సభ్యురాలిగా చేయవలసిన పని కాని దానికి, సబబైన పారితోషికం ఇవ్వొచ్చు. వారానికి ఆరు గంటలు పాఠం చెబితే ఆ గంటలకు, బయటి గురువుకు ఇచ్చే రేటుకు మించకుండా తీసుకోవచ్చు. తీర్మానం రాయాలి, ఆమె ఆ ఓటింగులో ఉండకూడదు, హాజరు పట్టీ ఉండాలి. మార్కెట్ రేటుకు మించితే పన్ను చట్టంలో వ్యవస్థాపకులకు అనుచిత లబ్ధి కింద లెక్కపడుతుంది.

ఇల్లు, తంబూరా, రికార్డింగులు సంస్థకు "ఇచ్చేయడం" గురించి ప్యాకేజీలో ఎవరూ ఒక్క మాటైనా చెప్పరు. సెక్షన్ 8 కంపెనీ మూసేస్తే మిగిలిన ఆస్తి అలాంటి ఆశయాలున్న మరో సెక్షన్ 8 కంపెనీకి వెళ్లాలి, లేదా అమ్మి ఆ సొమ్ము చట్టం చెప్పిన నిధికి జమచేయాలి. గాయని ఇంటికి తిరిగి రాదు. తాతగారి పనసకర్ర తంబూరాను విరాళంగా రాసేస్తే అది ఇక కంపెనీదే. వాడుకోవడానికి ఇచ్చినట్టు ఒప్పందం రాసుకుంటే సరిపోతుంది. రికార్డింగులూ అంతే. త్యాగరాజ కృతులకు కాపీరైట్ ఏనాడో తీరిపోయింది గానీ మీ గొంతుతో చేసిన రికార్డింగుకు 60 ఏళ్లు, గాయనిగా మీ హక్కుకు 50 ఏళ్లు ఉన్నాయి. లైసెన్సు ఒప్పందంలో కాలం రాయకపోతే చట్టం 5 ఏళ్లుగా తీసుకుంటుంది, ప్రాంతం రాయకపోతే ఇండియా ఒక్కటే. ఏడాదిలోగా వాడకపోతే, ఒప్పందంలో వేరేలా లేకపోతే, ఆ హక్కు జారిపోతుంది. యూట్యూబులో పెట్టే సంస్థకు ఇండియా ఒక్కటే సరిపోదు కదా, రెండు గీతలు ఎక్కువ రాసుకోవాలి.

జీఎస్టీలో ఒక మెలిక ఉంది. శాస్త్రీయ లేదా జానపద కళాకారులు ప్రదర్శనకు తీసుకునే పారితోషికం ₹1.5 లక్షల దాకా జీఎస్టీ లేదు, బ్రాండ్ అంబాసిడర్ పని అయితే తప్ప. కానీ ఆ మినహాయింపు కళాకారుడికి. బిల్లు ఫౌండేషన్ పేరున వేస్తే కళాకారుడు ఇచ్చిన సేవ అని చెప్పడం కష్టం. సంగీతం నేర్పే ఫీజుకున్న మినహాయింపు కూడా 2022 జూలై 18 నుంచి వ్యక్తులకే పరిమితం. అంటే గాయని ఇంట్లో చెప్పే పాఠానికి జీఎస్టీ లేదు, అదే పాఠం ఫౌండేషన్ ఫీజు తీసుకుని చెబితే, సంస్థ రాబడి ఏడాదికి ₹20 లక్షలు దాటాక వస్తుంది. కచేరీ టిక్కెట్టు ₹500 దాటకపోతే జీఎస్టీ లేదు. దాత పేరు వేదిక మీద కృతజ్ఞతగా రాస్తే విరాళం, వ్యాపార ప్రకటనలా వేస్తే స్పాన్సర్‌షిప్పు. మొదటిదానికి జీఎస్టీ ఉండదు, రెండోదానికి ఉంటుంది. ఫలానా నగల దుకాణం పేరు, ఫోన్ నంబరు, "పెళ్లి సీజన్ ఆఫర్" అని వేసిన ఫ్లెక్సీని విరాళం అనలేం.

అన్నిటికన్నా ఎక్కువ అబద్ధం సీఎస్ఆర్ దగ్గర. "రిజిస్టరైన వెంటనే కంపెనీల నిధులు" అని ప్యాకేజీలు ఊరిస్తాయి. సీఎస్ఆర్ సొమ్ము దేనికి ఖర్చుపెట్టొచ్చో చెప్పే కంపెనీల చట్టం షెడ్యూల్ 7లో కళ, సంస్కృతి, సంప్రదాయ కళల పరిరక్షణ ఉన్న మాట నిజం. అయితే సీఎస్ఆర్ పని చేపట్టాల్సిన బయటి సంస్థకు 12ఏ, 80జీతో పాటు అలాంటి పనిలో కనీసం మూడేళ్ల అనుభవం ఉండాలి. నిన్న పుట్టిన ఫౌండేషన్‌కు అది ఎక్కడిది? సీఎస్ఆర్-1 నంబరు తెచ్చిపెట్టినంత మాత్రాన నిధులు రావు. మొదటి మూడేళ్లు మామూలు దాతల మీద, సొంత కచేరీల మీద నడపాల్సిందే.

విదేశాల నుంచి వచ్చే డబ్బు గురించి తెలుగువాళ్లు ఇంకాస్త జాగ్రత్తపడాలి. అమెరికాలో ఉంటున్నా భారత పాస్‌పోర్టు ఉన్న శిష్యురాలు తన సొంత పొదుపులోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. ఆ శిష్యురాలు అక్కడి పౌరసత్వం తీసుకున్నాక, ఓసీఐ (భారత మూలాలున్న విదేశీ పౌరులకిచ్చే) కార్డు ఉన్నా సరే, పంపేది విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద రిజిస్ట్రేషన్ లేకుండా తీసుకోకూడదు. అది రావాలంటే మూడేళ్లు నిండాలి, ఆ మూడేళ్లలో ఆశయాల మీద కనీసం ₹15 లక్షలు ఖర్చు చేసి ఉండాలి. పాస్‌పోర్టు ఏ దేశానిదో అడగడం మొహమాటమే, అయినా రసీదు ఫారంలో ఒక గడి పెట్టేయండి.

12ఏ, 80జీ పేర్లు 1961 చట్టంలోవి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం కాబట్టి సెక్షన్ల, ఫారాల నంబర్లు వేరు. అందరి నోళ్లలో నానుతున్నవి పాతవే కనుక ఇక్కడా అవే. పాత పద్ధతిలో 10ఏ ఫారంతో వచ్చేది మూడేళ్ల తాత్కాలిక రిజిస్ట్రేషన్ మాత్రమే. పని మొదలుపెట్టిన ఆరు నెలల్లోగానో, గడువు తీరడానికి ఆరు నెలల ముందో, ఏది ముందైతే అప్పటికి మామూలు రిజిస్ట్రేషన్ కోసం 10ఏబీ ఫారం వేయాలి. ఏజెంటు "12ఏ వచ్చింది" అని వాట్సాప్‌లో పూలగుత్తి పంపేది తాత్కాలికానికే, రెండోది గుర్తుచేసేవాళ్లు తక్కువ. అది తప్పితే సంస్థ ఆస్తుల నికర విలువ మీదే పన్ను పడే ప్రమాదం ఉంది. 80జీ కింద నగదు ₹2,000 దాటితే దాతకు మినహాయింపు లేదు, కొత్త పన్ను విధానంలో ఉన్న దాతకు అసలే లేదు. ఏటా మే 31లోగా దాతల వివరాలు 10బీడీ ఫారంలో ఇవ్వకపోతే రోజుకు ₹200 కట్టాలి. ఈలోగా గాయని సొంత ఫోన్ క్యూఆర్ కోడ్ మీద వసూలు చేసిన సొమ్ము ఏడాదిలో ₹50,000 దాటితే అది ఆమె సొంత ఆదాయంగా లెక్కకొచ్చే చిక్కు కూడా ఉంది. కంపెనీ ఖాతా తెరిచేదాకా విరాళాలు ఆపుకోవడమే మంచిది.

అమ్మకం తర్వాతి సేవలో ప్యాకేజీలు బాగా వెనకబడతాయి. 30 రోజుల్లో మొదటి ఆడిటర్‌ని నియమించాలి. వాటా మూలధనం ఉంటే 180 రోజుల్లో పని మొదలుపెట్టే ప్రకటన, ఐఎన్‌సీ-20ఏ, వేయాలి. బోర్డు సమావేశాల్లో సెక్షన్ 8కి సడలింపు ఉంది, ఆరు నెలలకొకటి చాలు. సర్వసభ్య సమావేశం తర్వాత 30 రోజుల్లో ఏఓసీ-4 (ఆర్థిక లెక్కలు), 60 రోజుల్లో ఎంజీటీ-7 (వార్షిక వివరాలు). ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకు ₹100, గరిష్ఠ పరిమితి లేదు. చిన్న కంపెనీ కదా అని ఎంజీటీ-7ఏ వేసే ఏజెంట్లున్నారు. చట్టం ప్రకారం సెక్షన్ 8 కంపెనీ ఎంత చిన్నదైనా "చిన్న కంపెనీ" కాదు, ఎంజీటీ-7 వేయాలి. ఏజెంటుకు పని వచ్చో రాదో తేల్చుకోవడానికి ఇదొక్క ప్రశ్న అడిగి చూడండి.

అందరికీ కంపెనీ అక్కర్లేదు కూడా. ఏడాదికి ఒకటి రెండు సహాయార్థ కచేరీలు మాత్రమే చేసేవాళ్లు ఇప్పటికే 80జీ ఉన్న సంస్థ కోసం పాడి, టిక్కెట్ల డబ్బు నేరుగా దాని ఖాతాలో పడేలా చేస్తే సరిపోతుంది. 1944లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి కస్తూర్బా స్మారక నిధి కోసం పాడింది ఆ పద్ధతిలోనే. ఏడుగురు పెద్దమనుషులు దొరికితే 2001 సొసైటీల చట్టం కింద సొసైటీ పెట్టొచ్చు, ఖర్చు తక్కువ, తగాదాలు ఎక్కువ. ట్రస్టు డీడు సబ్ రిజిస్ట్రార్ దగ్గర సులువుగా అవుతుంది, కానీ గుడితో ముడిపడిన ఆశయాలుంటే ఆంధ్ర, తెలంగాణల్లో దేవాదాయ చట్టం వర్తించే ప్రశ్న వస్తుంది. నాలుగైదేళ్ల పాటు పాఠశాల నడపాలని, కంపెనీల నుంచి నిధులు తేవాలని ఉంటే సెక్షన్ 8 నయం.

కొనేటట్టయితే సర్టిఫికెట్ దాకా మాత్రమే ఉన్న ప్యాకేజీ తీసుకుని, ఆశయాల వాక్యాలు సంస్థల పన్ను తెలిసిన సీఏతో విడిగా రాయించుకోవడం లాభం. డబ్బు కట్టే ముందు మెమోరాండం ముసాయిదా పీడీఎఫ్‌గా కాకుండా దిద్దుకోగల ఫైలుగా అడగండి. అందులో గోసంరక్షణ కనిపిస్తే ఇంకో ఏజెంటును చూసుకోండి.